పదిహేడో పాఠంలో తొమ్మిది నిమిషాలు

ఆశ్వయుజ బహుళ అష్టమి, మూడో మంచె

పోటు తక్కువ. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఉదయం ఇద్దరు సముద్రపు గోడ అడుక్కి దిగి, పాత బీటకు మాటు వేసి, క్షేమంగా పైకి వచ్చారు. గాలి పంపుకు వాషరు మార్చాను. రెండో గొట్టం మీద పట్టిన గుల్లలు గీకించాను. తాడు చుట్టే మర పిడి వదులైతే బిగించాను.

పైన తాడు పట్టే మనిషి చిట్టాలో రాయవలసింది ఇంతే. కానీ ఈ రోజు పాఠాల భవనం పెద్ద భానోజీ వచ్చాడు, కాబట్టి ఇంకా రాస్తాను.

భవనం పడవలో వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో గుర్తింపు బిళ్ళ. ఐదేళ్ళ తర్వాత చూశాను. జుట్టు పలచబడింది. మెట్లెక్కి వచ్చి, నేను గొట్టం చుడుతున్న చోటే నిలబడ్డాడు.

"మరిడమ్మ గారూ, బాగున్నారా?"

"ఉన్నానండి."

"వచ్చే అష్టమినాడు నేను దిగుతున్నానండి. ఇక్కడే, మీ మంచె నుంచే. కోస్తా అంతా ప్రత్యక్షంగా చూస్తుంది. నేను ఒక్క గురువు దగ్గరకీ వెళ్ళలేదు. తెర మీద మన పాఠాలు చూసే నేర్చుకున్నాను. యాభై రెండేళ్ళ మనిషి ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగితే ఎవరైనా నేర్చుకోగలరు కదా. మొన్న పదో మంచెలో ఆ ఇద్దరూ పోయిన దగ్గర్నుంచి కొత్తవాళ్ళు దిగడానికి జంకుతున్నారు."

"తాడు ఎవరు పడతారండి?"

"మీరే పట్టాలి. పాఠాల్లో గొంతు మీదే కదా. జనానికి నమ్మకం కుదురుతుంది."

నేను గొట్టం కొక్కేనికి తగిలించాను. "ఎలా పట్టమంటారు? నా పద్ధతిలోనా, పాఠం ప్రకారమా?"

"అక్షరాలా పాఠం ప్రకారమే" అన్నాడు.

"సరేనండి" అన్నాను.

వాడు వెళ్ళిపోయాక చాలాసేపు గోడ మీద కూర్చున్నాను. ఒకవైపు సముద్రం నా పాదాల దగ్గర ఉంది. రెండోవైపు మా ఊళ్ళు, చేలు, బడులు రెండు నిలువుల కింద ఉన్నాయి. నాలుగేళ్ళుగా నేను కోరుకున్నది వాడంతట వాడే నా చేతికి ఇచ్చి వెళ్ళాడు.


ఆశ్వయుజ బహుళ దశమి

పోటు పెరుగుతోంది. ఈ రోజు నుంచి ఎవరూ దిగరు. తాళ్ళు మంచినీళ్ళలో కడిగి ఆరవేశాను.

నేను మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆ రోజుల్లో గోడ కింద దిగే విద్య తొమ్మిది ఇళ్ళలోనే ఉండేది. నాన్నకు మగపిల్లలు లేరు కాబట్టి నాకు నేర్పాడు. తర్వాత పన్నెండేళ్ళు నేనూ నేర్పాను. ఏడాదికి నలుగురు. ఒక్కొక్కరి మణికట్టు పట్టుకుని, వాళ్ళ పక్కనే దిగి, వాళ్ళ పక్కనే ఎక్కి. గోడకు నలభై మంచెలు. బీటలు ఏటా రెట్టింపవుతున్నాయి. ఏడాదికి నలుగురితో గోడ నిలబడదని, కెమెరా ముందు పాఠాలు చెప్పమని పాఠాల భవనం వాళ్ళు వచ్చి అడిగారు. రెండు నెలలపాటు నలభై రెండు పాఠాలు చెప్పాను. జిలానీ అనే కెమెరామన్ తీశాడు.

నిజం రాయాలంటే, ఆ పాఠాలు లేకపోతే గోడ ఈపాటికి ఉండేది కాదు. ఆరేళ్ళలో రెండు వేల మంది నేర్చుకున్నారు. ఎవరింట్లో వాళ్ళు, తెర ఉన్న పలక ముందు పెట్టుకుని, అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకుని మళ్ళీ చూసి. గురువు కసురుకునే భయం లేదు. ఏ ఇంటి పిల్లవని అడిగేవాళ్ళు లేరు. ఇది నేను కాదనను.

పాఠాలు అయిపోగానే నా బడి మూసేశారు. గురువులు ఇక అక్కరలేదన్నారు. పాఠాల్లో నా ముఖం తీసేసి, చూడముచ్చటైన చిన్నపిల్ల ముఖం ఒకటి తయారుచేసి పెట్టారు. గొంతు, చేతులు మాత్రం నావే ఉంచారు. అది అవమానమే, కానీ దానికోసం ఎవర్నీ చంపాలనుకోను.

పదిహేడో పాఠం పైకి రావడం గురించి. పదిహేను నిలువుల లోతున పనిచేసినవాళ్ళు తిన్నగా పైకి రాకూడదు. మూడు నిలువుల దగ్గర, మనిషిని దింపే ఉయ్యాల ఆపి తొమ్మిది నిమిషాలు ఉండాలి. లోతులో పీల్చిన గాలి ఒంట్లోంచి మెల్లగా పోవాలి. తొందరపడితే అది రక్తంలో బుడగలు కడుతుంది. ఆ పాఠంలో నేను నిజంగా తొమ్మిది నిమిషాలూ ఆగాను. భానోజీ దాన్ని ఇరవై సెకన్లకు కోయించాడు.

నా చెల్లెలు నూకరత్నం నాకంటే పదహారేళ్ళు చిన్నది. అమ్మ పోయాక నేనే పెంచాను. తనూ దిగుతానంది. వద్దన్నాను. బతిమాలింది. నీకు నేర్పను పొమ్మన్నాను. "నువ్వు నేర్పకపోతే నీ పాఠాలున్నాయిలే" అని ఏడో మంచెకు వెళ్ళిపోయింది. అక్కడ కింద దిగినదీ పైన తాడు పట్టినవాళ్ళూ అదే పాఠం చూసినవాళ్ళు. ఇరవై లెక్కపెట్టి పైకి లాగారు. నవ్వుతూ వచ్చిందట. మజ్జిగన్నం తింటూ భుజం నొప్పంది. సాయంత్రానికి నడుము కింద చచ్చుబడింది. మర్నాడు నేను వెళ్ళేసరికి లేదు.

విచారణ జరిగింది. "పాఠంలో లోపం లేదు, నేర్చుకున్న మనిషి శరీరంలో ఉంది" అని రాశారు. తొమ్మిది నిమిషాలని నేను పాఠంలో చెప్పానని, మీరు కోసేశారని మూడుసార్లు అర్జీ పెట్టాను. అలాంటి మాటేదీ తమ దగ్గర లేదని మూడుసార్లూ జవాబు వచ్చింది. అంత లోతు దిగేవాళ్ళు తక్కువే, అయినా ఇప్పటికి పదకొండు మంది పోయారు.

వచ్చే అష్టమినాడు నేను పాఠం ప్రకారమే మర తిప్పుతాను. ఆ తర్వాత ఎవరైనా అడిగితే, లోపం పాఠంలో లేదు, నేర్చుకున్న మనిషి శరీరంలో ఉంది అంటాను.


ఆశ్వయుజ అమావాస్య

పెద్ద పోటు. కెరటాలు మంచె పలకల మీదికి వచ్చాయి. పంపు గదిలో పని.

గాలి పంపు తొక్కడానికి పాఠాల భవనం వాళ్ళు ఒకామెను పంపారు. పేరు వరహాలు. ముప్పై ఆరేళ్ళుంటాయి. ఉప్పుమడుల వాడ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఆ వాడలో మొదట దిగింది ఈమే. పాఠాలు చూసి బాగా నేర్చుకున్నవాళ్ళకు నమూనాగా, ఆ రోజు తెర మీద చూపించడానికి తెచ్చారు.

రాగానే నా గొంతు విని ఆగిపోయింది. "మీరేనా టీచరమ్మా? ముఖం వేరేగా ఉంటాది గానీ గొంతు నాకు ఆరేళ్ళుగా తెలుసు" అంది. నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. ఎడమ బొటనవేలి మీద కోత గుర్తు చూసి నవ్వింది.

పంపు విప్పి చూపించాను. చూపించనక్కరలేదు, అన్నీ తెలుసు. నేను మరిచిపోయిన చిన్న చిన్న సంగతులు కూడా నా మాటల్లోనే నాకు అప్పజెప్పింది. ఇటువంటి శిష్యురాలు నా బడిలో పన్నెండేళ్ళలో ఒక్కరూ దొరకలేదు. నా బడిలో ఈమెకు చోటూ దొరికేది కాదు.

మధ్యాహ్నం అన్నాలు తింటున్నప్పుడు అడిగాను. "పైకొచ్చేటప్పుడు ఎంతసేపు ఆగుతావు?"

"తొమ్మిది నిమిషాలండి."

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఆ పాఠం వందసార్లు చూసుంటాను. మీరు ఆగమన్నాక గోడ మీద మంచె నీడ ఉంటాది చూడండి, పాచి గీతకి ఇవతల ఉంటాది. మీరు మళ్ళీ కదిలేసరికి గీత దాటేసి జానెడు అవతలుంది. ఇరవై సెకన్లలో నీడ జానెడు నడుస్తాదా? అన్ని మంచెలూ ఒకటే ఎత్తు కదా అని మా మంచె కాడే సుద్దతో గీత గీసి చూశాను. తొమ్మిది నిమిషాలు పట్టింది. అంటే మీరు అంతసేపు ఆగేరు. ఎందుకాగేరో నాకు తెలీదు. మీరాగేరు కాబట్టి మేమూ ఆగేం."

"మీ వాడలో ఎవరికీ ఏమీ కాలేదా?"

"ఆరుగురం దిగుతామండి. ఎవరికీ ఏం కాలేదు."

"బయట ఎవరికీ చెప్పలేదేం?"

ఆమె తల వంచుకుంది. "ఎవరికి చెప్పనండి? రెండుసార్లు పలకలోనే గట్టిగా అడిగేను కూడా. అది మాటాడతాది గానీ వినదు కదా. బయటోళ్ళు పోతున్నారని తెలిసినప్పుడు, మన లెక్క తప్పేమో, పాఠం చెప్పినోళ్ళకి తెలీదా అనుకున్నాను."

కోసిన గుర్తు దొరికింది. ఇంక నా మాట దొరకాలి. తొమ్మిది నిమిషాలని నా నోటితో నేను చెప్పిన ముక్క. అది చేతిలో పెట్టుకుని వాణ్ణి చంపితే నా చేతులు శుభ్రంగా ఉంటాయి. జిలానీ దగ్గరికి వెళ్ళాలి.


కార్తీక శుద్ధ విదియ

సెలవు పెట్టి లోపలి ఊరికి వెళ్ళాను.

జిలానీకి కళ్ళు మసకేశాయి. కెమెరాలన్నీ అల్లుడికి ఇచ్చేసి ఇంటి ముందు కోళ్ళకు గింజలు వేస్తున్నాడు. నా గొంతు విని "రండి మేడమ్" అని లేచాడు. సంగతి చెప్పాను.

"భానోజీ గారు మిగతాదంతా చెరిపేయమన్నారు మేడమ్. నేను తీసిందేదీ చెరపను. అది నాకు రాదు" అన్నాడు.

పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నేనే వెతికి తీశాను. పదిహేడు. తెర మీద అసలు ముఖంతో నన్ను నేను చూసుకుని ఏడేళ్ళయింది. ఉయ్యాల మూడు నిలువుల దగ్గర ఆగింది. నేను కెమెరా వైపు తిరిగి అన్నాను: "ఇక్కడ ఆగాలి. నేను ఆగినంతసేపు మీరూ ఆగండి."

తర్వాత ఏమీ లేదు. నా ఊపిరి చప్పుడు. గోడ మీద పాచి. నా చెయ్యి తాడు మీద. ఒక ఎండ్రకాయ బీటలోంచి వచ్చి, అటూ ఇటూ తిరిగి, లోపలికి పోయింది. ఇప్పుడు చెబుతాను, ఇప్పుడు చెబుతాను అని నన్నే చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలు. మూడు. అప్పుడు పైనుంచి ఫోనులో జిలానీ గొంతు: "మేడమ్, ఏమైనా మాట్లాడతారా? ఖాళీగా పోతోంది."

నేను నవ్వాను. అలా నవ్వినట్టు నాకు గుర్తులేదు. "మాట్లాడను. అంకె చెబితే గడియారం చూస్తారు, ఒంటిని చూసుకోరు. నన్ను చూసి ఆగుతారులే."

తొమ్మిది నిమిషాలు గడిచాయి. ఉయ్యాల పైకి లేచింది. అంతే.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. మూడోసారి చూశాను. అంకె లేదు. నాలుగేళ్ళుగా నేను చెప్పానని అర్జీల్లో రాసిన మాట, రోజూ నా చెవుల్లో నేను విన్న మాట, నేను ఎప్పుడూ అనలేదు.

జిలానీ గింజల గిన్నె కింద పెట్టాడు. "అప్పుడే అనుకున్నాను మేడమ్."

"ఏమని?"

"ఇది చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుందా అని. అడగలేదు. మీరు గురువు, నేను కెమెరావాణ్ణి."

నా బడిలో అంకె ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన పని రాలేదు. వాళ్ళ మణికట్టు నా చేతిలో ఉండేది, పైకి కదలబోతే నొక్కేదాన్ని. పదిసార్లు దిగేసరికి వాళ్ళ ఒంటికే తెలిసిపోయేది. తెర ముందు కూర్చున్నవాళ్ళ మణికట్టు ఎవరు పట్టుకుంటారు? ఆ ఆలోచనే నాకు రాలేదు.


కార్తీక శుద్ధ షష్ఠి

మూడు రోజులు చిట్టా రాయలేదు. తాడు మనిషి చిట్టా మానకూడదు. మానాను.

గాలి తూర్పు. పోటు తగ్గుతోంది. కొత్త తాడు మరకు ఎక్కించాను, బరువు కట్టి పదిహేను నిలువులకూ దింపి చూశాను. బాగుంది.

ఈ మూడు రోజులూ రత్నాన్నే తలుచుకున్నాను. ఏ గదిలో కూర్చుని చూసిందో. నా గొంతు, ఎవరిదో ముఖం. "నేను ఆగినంతసేపు మీరూ ఆగండి" అని నేనన్నాను. ఇరవై సెకన్లు ఆగాను. తనూ ఆగింది. నేను చెప్పినట్టే చేసింది. చిన్నప్పటినుంచీ నా మాట వినదని తిట్టేదాన్ని.

నా తప్పు నాది. దాన్ని ఎలా మొయ్యాలో తర్వాత చూసుకుంటాను. కానీ నేను ఆగాను. వాడు కోశాడు. కోసేముందు ఒక్కసారి ఫోను చేసి, ఈ ఖాళీ ఎందుకని అడిగి ఉంటే నేను చెప్పి ఉండేదాన్ని. అడగలేదు. పదకొండు మంది పోయాక కూడా అడగలేదు.

ఎల్లుండి అష్టమి. నా నిర్ణయం మారలేదు.


కార్తీక శుద్ధ అష్టమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీళ్ళు తేట. గాలి లేదు. పొద్దున్న తొమ్మిదింటికే మంచె నిండిపోయింది. పాఠాల భవనం మనుషులు పన్నెండుమంది, కెమెరాలు, భానోజీ తర్వాతి అధికారి, గోడ బాగోగులు చూసే గోడ సభ నుంచి ముగ్గురు. దిగే మనిషి ఇత్తడి టోపీలోని ఫోను మాటలు మంచె మీది స్పీకరులోకీ, అక్కడినుంచి కోస్తా అంతటా తెరల్లోకీ వెళ్ళేలా కలిపారు. వరహాలు పంపు దగ్గర. నేను మర దగ్గర.

టోపీ బిగిస్తున్నప్పుడు భానోజీ నా చేతుల్ని చూస్తూ, "పద్నాలుగో పాఠం" అని మెచ్చుకున్నాడు. ఇరవై నాలుగు బోల్టులూ బిగించాను. ఒక్కటీ వదులుగా ఉంచలేదు. నాకు అక్కరలేదు.

దిగాడు. బాగానే దిగాడు, అబద్ధం ఎందుకు. అడుగున ముప్పై ఎనిమిది నిమిషాలు ఉన్నాడు. మాటు వేస్తూ ప్రతి పనికీ పాఠం అంకె చెబుతూ, కోస్తాలో చూస్తున్నవాళ్ళకు ధైర్యం చెబుతూ ఉన్నాడు. "చూశారా, ఇక్కడ నాకు ఏ గురువూ లేడు" అన్నాడు ఒకసారి. తర్వాత "పైకి" అన్నాడు. మర తిప్పాను.

మూడు నిలువుల దగ్గర ఆపాను. "ఇది పదిహేడో పాఠం" అని వాడు జనానికి చెప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు.

నా చెయ్యి పిడి మీద ఉంది. వరహాలు పంపు తొక్కుతూ నన్నే చూస్తోంది. ఇరవైకి లాగితే ఏమవుతుందో తనకు తెలుసు. పంపు మాత్రం ఆపలేదు.

పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై.

తిప్పలేదు.

దయ కాదు. దయ నాలో ఎక్కడా లేదు, వెతికి చూసుకున్నాను. వాణ్ణి ఇప్పుడు పైకి లాగితే నవ్వుతూ వస్తాడు. సాయంత్రానికి పోతాడు. ఏం కోశాడో తెలియకుండానే పోతాడు. అది నాకు చాలదనిపించింది.

"మరిడమ్మ గారూ, ఇరవై అయిందండి."

"అయింది."

"మరి లాగండి."

"నేను ఆగినంతసేపు మీరూ ఆగండి."

అవతల ఊపిరి చప్పుడు మారింది. మంచె మీద మనుషులు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. నిమిషం గడిచింది.

"ఎంతసేపండీ?"

నేను చెప్పలేదు. అంకె నా నాలుక చివర ఉంది. పదకొండు మందికి తెలియనిది వాడికి మాత్రం ఎందుకు తెలియాలి?

రెండో నిమిషంలో బతిమాలాడు. మూడో నిమిషంలో, ఈమె చెల్లెలు పోయిందనీ, తన మీద పగపట్టిందనీ, ఎవరైనా మర అందుకోమనీ అరిచాడు. వాడి తర్వాతి అధికారి నా మీదికి వచ్చాడు. "లాగండి. పాఠం ప్రకారం ఇరవై సెకన్లే."

నేను పిడి వదిలి పక్కకు జరిగాను. "ఇప్పుడు లాగితే ఒంట్లో గాలి బుడగలు కడుతుంది. పాఠం మీద నమ్మకమున్నవాళ్ళు ఎవరైనా వచ్చి ఈ పిడి తిప్పండి."

ఎవరూ రాలేదు. అధికారి పిడి వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. గోడ సభ పెద్ద ఒకాయన వాచీ విప్పి చేతిలో పట్టుకున్నాడు. పాఠాలు కోసే బల్ల దగ్గర పనిచేసే పన్నెండుమందిలో ఒక్కరూ అడుగు ముందుకు వెయ్యలేదు. ఇదంతా స్పీకరు పక్కనే జరిగింది. కింద వాడికి అంతా వినబడింది.

ఆ తర్వాత వాడు అరవలేదు. చాలాసేపు ఊపిరి మాత్రమే వచ్చింది. కోస్తాలో ఎన్ని ఇళ్ళలో తెరల మీద ఆ ఖాళీ కనబడిందో. గోడ, పాచి, ఉయ్యాలలో కదలకుండా ఒక మనిషి. దాన్ని కోసేవాళ్ళు లేరు.

ఆరో నిమిషంలో మెల్లగా అన్నాడు. "ఆ పాఠంలో తొమ్మిది నిమిషాలు ఏమీ లేదు. అక్కడే అందరూ పాఠం వదిలేసి వెళ్ళిపోతున్నారు. అందుకని కోయించాను. మీరు అంకె చెప్పలేదు మరిడమ్మ గారూ. ఒక్క మాట చెప్పలేదు."

అందరూ నా వైపు తిరిగారు. కెమెరా కూడా తిరిగింది.

కాదనవచ్చు. అర్జీల్లో నాలుగేళ్ళుగా కాదంటూనే ఉన్నాను. స్పీకరు దగ్గరికి వంగాను.

"చెప్పలేదు. చెప్పాననుకున్నాను, చెప్పలేదు. మొన్న చూశాను. అంకె చెప్పకపోవడం నా తప్పు. అడక్కుండా కొయ్యడం నీ తప్పు. పదకొండు మంది పోయాక కూడా అడక్కపోవడం పూర్తిగా నీదే."

వాణ్ణి నువ్వు అన్నానని తర్వాత వరహాలు చెబితే తెలిసింది.

తొమ్మిది నిమిషాలకు లాగాను. టోపీ తీశాను. బుడగలు పట్టాయేమోనని భుజాలు, మోకాళ్ళు తడిమి చూశాను. గాలి లేదు. బతుకుతాడు.


కార్తీక బహుళ త్రయోదశి

గోడ సభ ముందు మూడు రోజులు నిలబడ్డాను. పదిహేడో పాఠం ఆ రోజే తీసేశారు. కొత్తది వరహాలు చెబుతుంది. అంకె చెబుతుంది, ఎందుకో చెబుతుంది, తొమ్మిది నిమిషాలూ మాట్లాడుతూనే ఉంటుందట. ప్రతి పాఠం కింద చూసినవాళ్ళు ప్రశ్న వెయ్యడానికి చోటు పెడతారు, జవాబు చెప్పడానికి మనుషుల్ని పెడతారు. పాఠం చూసి నేర్చుకున్నా, మొదటి పదిసార్లు తెలిసినవాళ్ళు పక్కన ఉంటేనే దిగాలి. నన్ను మందలించారు. పని నుంచి తీసెయ్యలేదు, నేర్పగలవాళ్ళు కోస్తా మొత్తం మీద ఆరుగురమే మిగిలాం.

రత్నం విచారణ కాగితం మీద "శరీరంలో లోపం" అన్న మాట కొట్టేయించాను. నా ఎదురుగా కొట్టేశారు.

భానోజీ పదవి పోయింది. పాఠాలు కోసినవాళ్ళంతా నలభై రోజులు ఏదో ఒక మంచెలో తాడు నేర్చుకోవాలని తీర్పు. ఏ మంచె అన్నది వాళ్ళ ఇష్టం. నలభై ఉన్నాయి. ఈ ఉదయం చిన్న సంచీతో మా మెట్లెక్కాడు.

"ఇంకెక్కడికైనా వెళ్ళకపోయారా?" అన్నాను.

"ఇంకెక్కడా మీరు లేరు కదండీ" అన్నాడు.


మార్గశిర బహుళ నవమి

ఇరవై ఆరో రోజు. నాలుగు గొట్టాలకు అతుకు వేశాం.

తాడును వేళ్ళతో వినకూడదు, మణికట్టుతో వినాలి. కింద మనిషి కదిలితే ఒకలా, కెరటం తగిలితే ఒకలా, మనిషి భయపడితే ఒకలా తెలుస్తుంది. ఇది ఏ తెర మీదా కనబడదు. చూపించాలంటే మణికట్టు పట్టుకోవాలి. రోజూ వాడి మణికట్టు పట్టుకుంటున్నాను. వదిలాక చెయ్యి ఉప్పునీళ్ళలో కడుగుతాను, వాడు చూస్తుండగానే.

సగం నేర్పి వదిలేయవచ్చు. అలా చేస్తే చచ్చేది వాడు కాదు, వాడి తాడు చివర ఉన్నవాళ్ళు. అందుకని అంతా నేర్పుతున్నాను. వాడి అరిచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. వరహాలు వెన్న తెచ్చిస్తే వద్దన్నాను. వాడు నా ఎదుట ఒక్కసారీ మూలగలేదు. అదీ నాకు నచ్చలేదు.

ఈ మధ్యాహ్నం తాడు చుడుతూ, "మీ చెల్లెలు గారి గురించి ఒక్క మాట" అని మొదలుపెట్టాడు.

"పని మాట్లాడండి" అన్నాను.


పుష్య శుద్ధ అష్టమి

నలభయ్యో రోజు. పోటు తక్కువ, నీళ్ళు తేట. వరహాలు పంపు దగ్గర.

తాడు నేర్చుకున్నవాళ్ళకు చివరి పరీక్ష, గురువును దింపి పైకి తేవడం. ఏడేళ్ళ తర్వాత టోపీ పెట్టుకున్నాను. యాభై నాలుగేళ్ళ ఒళ్ళు, నీళ్ళు మోకాళ్ళకు తగలగానే ముందు అరిచింది, తర్వాత గుర్తుపట్టింది. పదిహేను నిలువులు దిగి, నలభై నిమిషాలు పనిచేసి, పైకి లాగమని తాడు రెండుసార్లు గుంజాను.

కింద ఉన్నంతసేపూ ఒక్కటే కోరుకున్నాను. వాడు తప్పు చెయ్యాలి. తొందరపడాలి, లేదా వణకాలి, ఏదో ఒకటి అడగాలి. వాడు పనికిరాడని, ఎన్నటికీ పనికిరాడని గోడ సభకు రాసి పంపాలి.

మూడు నిలువుల దగ్గర ఉయ్యాల మెత్తగా ఆగింది. తాడు మీద చెయ్యి వేశాను. అవతలి చివర వాడి మణికట్టు తెలుస్తోంది. వణుకు లేదు. బిగింపు లేదు. కెరటం వస్తే వదులుతున్నాడు, పోతే అందుకుంటున్నాడు. ఫోనులో ఒక్క మాట లేదు, ఊపిరి తప్ప. తొమ్మిది నిమిషాలూ అలాగే ఉన్నాడు. ఒక క్షణం ముందు కాదు, వెనక కాదు.

నేను నేర్పినవాళ్ళలో తాడు ఇలా పట్టినవాళ్ళు ముగ్గురు. వీడు నాలుగోవాడు.

పైకి వచ్చి టోపీ తీశాను. తాడు మీద వాడి చేతుల రక్తం ఉంది. పిడి పక్కన నిలబడి నా ముఖంలోకి చూస్తున్నాడు. ఎలా పట్టానని అడగలేదు. అడగాలని ఉందని తెలుస్తూనే ఉంది. వరహాలు కూడా పంపు ఆపి నా వైపు చూస్తోంది.

గొట్టం చుట్టి కొక్కేనికి తగిలించాను. బరువులు విప్పాను. సభకు పంపే కాగితంలో తాడు పని ఎదురుగా "వచ్చింది" అని ఒక్క మాట రాసి సంతకం పెట్టి వాడి చేతికి ఇచ్చాను. రేపటి నుంచి రానక్కరలేదని చెప్పాను.

వాడు మెట్లు దిగి పడవ ఎక్కేదాకా చూశాను. రెండుసార్లు వెనక్కి తిరిగాడు.

బాగా పట్టాడు. ఆ మాట వాడికి ఎన్నటికీ చెప్పను.